ముఖం మీద మరో ముఖం: గ్రీకుల కంచు శిరస్త్రాణం

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఇంతమంది వస్తారనుకోలేదు, చాలా సంతోషం.

ముందు ఒక పసివాడి సంగతి చెప్తాను. ఇంకా చంక దిగని పిల్లవాడు. ట్రాయ్ నగరం కోటగుమ్మం దగ్గర దాది వాణ్ణి ఎత్తుకుని నిలబడింది. యుద్ధం మధ్యలో కాసేపు ఊళ్లోకి వచ్చిన తండ్రి మళ్లీ బయల్దేరుతూ, ఒక్కసారి ఎత్తుకుందామని కొడుకు వైపు చేతులు చాపాడు. పిల్లవాడు కెవ్వుమని, దాది గుండెకు అతుక్కుపోయాడు. తండ్రి తల మీద ఉన్న కంచును చూసి, దానిపైన ఊగుతున్న గుర్రపు వెంట్రుకల తురాయిని చూసి హడలిపోయాడు. తండ్రి ఫక్కున నవ్వాడు. కన్నీళ్లలోనే ఉన్న తల్లి కూడా నవ్వింది. అప్పుడు తండ్రి శిరస్త్రాణం తీసి నేల మీద పెట్టాడు. అది అక్కడ మెరుస్తూ ఉంది. పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు, ముద్దు పెట్టుకున్నాడు, గాల్లో ఊపాడు.

ట్రాయ్ యుద్ధం మీద గ్రీకు కవి హోమర్ చెప్పిన కావ్యం ఇలియడ్, దాని ఆరో సర్గలో ఉంది ఇది. తండ్రి హెక్టర్, తల్లి ఆండ్రొమకీ, పిల్లవాడు అస్టియానాక్స్. హోమర్ హెక్టర్ పేరు ఎత్తిన చాలా చోట్ల ముందు ఒక విశేషణం తగిలిస్తాడు: మెరిసే శిరస్త్రాణం గలవాడు అని. అంటే లోకమంతా అతన్ని గుర్తుపట్టేది దేనితోనో, సొంత కొడుకు అతన్ని గుర్తుపట్టలేకపోయింది కూడా దానితోనే. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ వస్తువు గురించే. నేల మీద పెట్టాక కూడా మెరుస్తూ ఉండిపోయిన ఆ కంచు గురించి.

మనం శిరస్త్రాణం అంటాం. శిరస్సును కాపాడేది అని సూటిగా పని చెప్పే మాట. గ్రీకులకు రెండు మూడు మాటలున్నాయి. వాటిలో ఒకటి ‘కునే’. దాని అసలు అర్థం కుక్కతోలు టోపీ. లోహం రాకముందు తలకు తోలే రక్ష అన్నమాట. తర్వాత కంచు వచ్చింది, పాత పేరు అలాగే ఉండిపోయింది. ఇంకా వెనక్కి, హోమర్ కంటే కొన్ని వందల ఏళ్ల ముందున్న మైసినీ కాలానికి వెళ్తే అడవిపంది కోరలను చీల్చి, తోలు టోపీ మీద వరసలుగా కుట్టేవారు. అలాంటి టోపీ ఒకటి గ్రీకు వీరుడు ఒడిస్సియస్ పెట్టుకున్నట్టు ఇలియడ్‌లోనే వర్ణన ఉంది. ఒక్క టోపీకి పదుల కొద్దీ పందుల కోరలు కావాలి. వేటాడిన వాడి పరాక్రమం అంతా తల మీద ఎక్కి కూర్చున్నట్టే.

ఇక కంచు సంగతికి వద్దాం. 1953లో గ్రీసులోని ఆర్గోస్ పట్టణంలో ఫ్రెంచివాళ్లు ఒక సమాధి తవ్వారు. క్రీ.పూ. 8వ శతాబ్దం చివరి దశకాల నాటిది. అందులో ఒక యోధుడి కంచు కవచం, పక్కనే శంకువులాంటి కంచు శిరస్త్రాణం దొరికాయి. దాని నెత్తి మీద నిటారుగా ఒక కాడ, ఆ కాడ మీద తురాయి కోసం గుర్రపు డెక్క ఆకారంలో ఒక చట్రం. ఇది ముక్కలు ముక్కలుగా చేసి అతికించినది. ముఖం తెరిచే ఉంటుంది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే, అంటే క్రీ.పూ. 700 ప్రాంతంలో, ఎవరో ఒక కంచరికి ఒక ఆలోచన వచ్చింది. తలనూ ముఖాన్నీ మెడనూ కలిపి, అతుకు లేకుండా, ఒకే రేకుతో కప్పేస్తే? ఆ పనివాడి పేరు మనదాకా రాలేదు. నాకు మాత్రం ఆ మనిషి పెద్ద పెద్ద శిల్పుల పక్కన నిలబడాల్సినవాడు అనిపిస్తుంది.

మనం ఇవాళ, కొరింథు అనే గ్రీకు నగరం పేరు మీద, కొరింథియన్ అని పిలిచేది దాన్నే. ఈ బొమ్మ చూడండి. బాదంకాయల్లాంటి రెండు కళ్లు. వాటి మధ్యనుంచి కిందికి దిగిన ముక్కు పట్టీ. రెండు వైపులా చెంపలు ముందుకు వచ్చి, నోటి దగ్గర సన్నటి చీలిక వదిలాయి. చెవులకు కన్నాలు లేవు. వెనక మెడ దగ్గర అంచు కొంచెం బయటికి వంగింది. మీసం ఉన్న మనిషి పెట్టుకున్నా, మీసం లేని కుర్రవాడు పెట్టుకున్నా బయటికి కనిపించేది ఈ ముఖమే.

దీన్ని ఎలా చేశారన్నది కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే దీని అందం అంతా ఆ పనిలోనే ఉంది. మా చిన్నప్పుడు మా ఇంటి వెనక వీధిలో ఇత్తడి పని చేసేవాళ్లుండేవారు. తెల్లవారుజామున మాకు మెలకువ వచ్చేది ఆ సుత్తి చప్పుడుకే. బిందెకు మెడ తీసేటప్పుడు వాళ్లు పది దెబ్బలు వేసి ఆగేవారు, కొలిమిలో పెట్టేవారు, మళ్లీ దెబ్బలు. ఎందుకు ఆగుతారో నాకు చాలా కాలం తెలియలేదు. రాగి కలిసిన లోహాన్ని చల్లగా ఉన్నప్పుడు కొడుతూ పోతే అది గట్టిపడుతుంది, ఇంకా కొడితే పగులుతుంది. అందుకని మధ్య మధ్యలో ఎర్రగా కాల్చి మెత్తబరచాలి. ఇక్కడ ఒక చిత్రం ఉంది. కమ్మరి ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే అది బిరుసెక్కుతుంది. కంచును అలాగే కాల్చి నీళ్లలో ముంచితే మెత్తగానే ఉంటుంది. రెండు లోహాలు, రెండు స్వభావాలు.

గ్రీకుల శిరస్త్రాణాల కంచులో సుమారు 90 పాళ్లు రాగి, 10 పాళ్లు తగరం. మన ఇళ్లలో పాతకాలపు కంచు పళ్లేల్లో తగరం దాదాపు 22 పాళ్లు ఉంటుంది. అందుకే అవి ఖంగున మోగుతాయి, చేయిజారితే పగులుతాయి కూడా. యుద్ధానికి అది పనికిరాదు. దెబ్బ తగిలితే సొట్ట పడాలి గానీ పగలకూడదు. ఆ పది పాళ్లు అనుభవంతో తేల్చుకున్న లెక్క.

మందపాటి కంచు బిళ్ల తీసుకుని, ఇనుప మొద్దు మీద తిప్పుతూ, కాలుస్తూ, కొడుతూ గిన్నెలా లోతు చేసుకుంటూ వస్తారు. గిన్నె వరకు ఎవరైనా చేస్తారు. కష్టం మెడ దగ్గర మొదలవుతుంది. నెత్తి వెడల్పు, మెడ ఇరుకు. లోహాన్ని లోపలికి ముడుచుకుంటూ రావాలి, ముడత పడకూడదు. లోపల సుత్తి ఆడే చోటు తగ్గుతూ ఉంటుంది. పైగా అంతటా ఒకే మందం ఉండకూడదు. ఎదుటివాడి ఈటె వచ్చేది ముందునుంచి, కాబట్టి ముక్కు పట్టీ దగ్గర, కళ్ల చుట్టూ మందం ఎక్కువ. వెనకవైపు పల్చన. ఎక్కడ లోహం నిలపాలో, ఎక్కడ సాగదీయాలో కంచరి చేతికి తెలియాలి. చివరి విడత దెబ్బలు మాత్రం కాల్చకుండా వేస్తారు. ఆ గట్టిదనం అలాగే ఉండిపోవాలని.

ఇంత చేశాక దాని బరువు సుమారు కిలో నుంచి రెండు కిలోల మధ్య. కాలం గడిచేకొద్దీ తేలికైనవి వచ్చాయి. మీలో చాలామంది బండి మీద వచ్చుంటారు. మీ హెల్మెట్ బరువు కూడా ఇంచుమించు అంతే. తొలినాటి వాటి అంచుల వెంబడి వరసగా చిన్న చిన్న కన్నాలు కనిపిస్తాయి. లోపల తోలో, గుడ్డో మెత్తగా వేసి కుట్టడానికి. ఆ మెత్త ఏనాడో మట్టిలో కలిసిపోయింది, కన్నాలు మాత్రం మిగిలాయి.

ఇంకొక మాట. మ్యూజియం అద్దాల వెనక మనం చూసేది పచ్చగా, నాచు పట్టినట్టుండే కంచు. అది రెండున్నర వేల ఏళ్లు మట్టిలో ఉన్న తర్వాత వచ్చిన రంగు. కొత్తగా తోమిన కంచు బంగారంలా ఉంటుంది. ఎండలో వందల మంది అలా వరసకట్టి వస్తుంటే దూరంనుంచి ఎలా కనిపించేదో ఊహించండి. హోమర్ ప్రతి చోటా ‘మెరిసే’ అని ఊరికే అనలేదు.

దీన్ని సైన్యం ఇచ్చేది కాదు, ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. క్రీ.పూ. 6వ శతాబ్దం చివరి నాటి ఏథెన్స్ శాసనం ఒకటి ఉంది. సలమిస్ ద్వీపంలో స్థిరపడ్డవాళ్లు 30 డ్రాక్మాల (గ్రీకుల వెండి నాణేలు) విలువ చేసే ఆయుధాలు తమంతట తామే సమకూర్చుకోవాలని అందులో రాశారు. తర్వాత ఓ శతాబ్దానికి, ఏథెన్స్‌లోని ఎరెక్థియాన్ గుడి కట్టినప్పటి లెక్కల్లో నేర్పరి పనివాడి రోజు కూలి ఒక డ్రాక్మా. ధరలు మారి ఉంటాయి, అయినా ఒక అంచనా దొరుకుతుంది. కూలి మీద బతికేవాడు కొనగలిగేది కాదు. రైతు కొనగలడు, కాస్త పొలం ఉన్న రైతు. కాబట్టి తల మీద కంచు ఉందంటే ఊళ్లో వాడి మాటకు విలువ ఉందని కూడా అర్థం. తండ్రిది కొడుక్కి వచ్చిన సందర్భాలూ ఉండే ఉంటాయి. తల కొలత కలిస్తే.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ శిరస్త్రాణం పెట్టుకున్నవాడికి ఏం పోతుంది? చెవులు మూసుకుపోతాయి. పక్కచూపు పోతుంది. ఊపిరి లోపలే తిరుగుతుంది. ఆ యుద్ధాలు జరిగేది ఎక్కువగా వేసవిలో. మరి ఇన్ని పోగొట్టుకుని దాన్ని దాదాపు రెండు వందల ఏళ్లు ఎందుకు వదల్లేదు?

దీనికి చాలామంది చెప్పే జవాబు వాళ్ల యుద్ధరీతి. భుజానికి భుజం ఆనించి, డాలు పక్కన డాలు పెట్టి, వరసలుగా ముందుకు నడిచే పద్ధతి. పక్కకు చూసే పనిలేదు, పక్కన మనవాడే ఉన్నాడు. రోమ్‌లో విల్లా జూలియా మ్యూజియంలో కీజీ కూజా అని ఒకటుంది, క్రీ.పూ. 640 ప్రాంతం నాటిది. దాని మీద రెండు వరసలు ఎదురెదురుగా వస్తున్నాయి. అందరి ముఖాల మీదా ఇదే కంచు. వరసల మధ్యలో ఒక కుర్రవాడు తల వెనక్కి వంచి జంట సన్నాయి లాంటి వాద్యం ఊదుతున్నాడు. స్పార్టావాళ్లు ఆ వాద్యం లయకు అడుగులు వేస్తూ నెమ్మదిగా ముందుకు వెళ్లేవారని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ కూడా రాశాడు. నాకేమనిపిస్తుందంటే, మాట వినిపించని చోట పాటే ఆజ్ఞ అయింది. కంచు గోడను దాటి వెళ్లగలిగేది ఆ కీచు స్వరమే.

జీవితచరిత్రలు రాసిన ప్లూటార్క్ చెప్పిన ఒక స్పార్టా మాట కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. డాలు పారేసి పారిపోయినవాడికి మీ దగ్గర అవమానం, శిరస్త్రాణమో కవచమో పారేసినవాడికి లేదు, ఎందుకని? అని డెమరాటస్ అనే రాజును అడిగారట. అవి మనిషి తన కోసం వేసుకునేవి, డాలు వరస మొత్తం కోసం పట్టుకునేది అన్నాడు. ఈ మాట నాకు చాలా ఇష్టం, కానీ పూర్తిగా ఒప్పుకోలేను. శిరస్త్రాణం తన కోసమే అయితే, అది మనిషి ముఖాన్ని తీసేసి అందరికీ ఒకే ముఖం ఎందుకు ఇచ్చింది? వరసలో నిలబడ్డ కుమ్మరి, రైతు, పిరికివాడు, మొనగాడు అందరూ ఎదుటివాడికి ఒకేలా కనిపిస్తారు. భయపడ్డవాడి భయం బయటికి రాదు. అది కూడా వరస కోసం చేసే పనేగా.

గ్రీకు భాషలో ‘ప్రొసోపొన్’ అని ఒక మాట ఉంది. ముఖానికీ అదే మాట, నాటకంలో వేసుకునే ముసుగుకూ అదే మాట. ముఖం, ముసుగు ఒకే మాటలో ఇమిడిన జనం వాళ్లు. ఇలియడ్‌లో పాట్రోక్లస్ కథ చూడండి. గ్రీకుల్లో మేటి వీరుడు అకిలీస్ యుద్ధానికి రానని భీష్మించుకుని కూర్చున్నాడు. ప్రాణస్నేహితుడు పాట్రోక్లస్ అతని కవచం, శిరస్త్రాణం వేసుకుని వెళ్లాడు. ట్రాయ్ సైనికులు అకిలీసే వచ్చాడనుకుని చెదిరిపోయారు. చివరికి అపోలో దేవుడు వెనకనుంచి వచ్చి ఒక్క చరుపు చరిచాడు. శిరస్త్రాణం ఊడి, గుర్రాల కాళ్ల కింద దొర్లుతూ పోయింది. తురాయి నిండా రక్తం, దుమ్ము. ఇక్కడ హోమర్ ఆగి ఒక మాట అంటాడు: ఇంతకుముందు ఆ తురాయికి దుమ్ము అంటడం అనేది లేదు, ఎందుకంటే అది కాపాడింది అకిలీస్ నుదుటిని. ఇప్పుడు దేవతల రాజు జ్యూస్ దాన్ని హెక్టర్ తలకు ఇచ్చాడు, హెక్టర్ చావు కూడా దగ్గరపడింది అని. ఒకే శిరస్త్రాణం, ముగ్గురి తలలు. దాన్ని అరువు తెచ్చుకున్నవాడు చనిపోయాడు, గెలిచి పెట్టుకున్నవాడు చనిపోబోతున్నాడు. కొడుకు ముందు నవ్వుతూ శిరస్త్రాణం తీసి నేల మీద పెట్టిన ఆ హెక్టరే.

ముఖం దాచుకోవడం అనే ఆలోచన వాళ్ల పురాణాల్లో ఇంకా దూరం వెళ్లింది. చనిపోయినవాళ్ల లోకానికి రాజు హేడీస్. అతని దగ్గర ఒక ‘కునే’ ఉంది. దాన్ని పెట్టుకున్నవాడు ఎవరికీ కనిపించడు. పాముల జుట్టున్న రాక్షసి మెడూసా తల నరకడానికి వెళ్లిన వీరుడు పెర్సియస్ దగ్గర ఉన్నది అదే. హేడీస్ అన్న పేరుకే ‘కనిపించనివాడు’ అని గ్రీకులు అర్థం చెప్పుకున్నారు.

తురాయి గురించి కొంచెం మాట్లాడాలి. తలకు రక్షణ విషయంలో తురాయి చేసే మేలు చాలా తక్కువ. అది ఉన్నది కనిపించడానికి. మనిషిని అడుగు ఎత్తు పెంచుతుంది, అడుగు వేసినప్పుడల్లా ఊగుతుంది. ఆ గుర్రపు వెంట్రుకలకు రంగులు వేసేవారు. కూజాల మీది బొమ్మల్లో తురాయి అడుగు పట్టీలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. గుర్రం ధనవంతుడి జంతువు. నడిచి యుద్ధం చేసే రైతు నెత్తి మీద గుర్రపు జూలు పెట్టుకున్నాడంటే ఆ వైభవంలో కొంత తనకూ కావాలనుకున్నాడు. పాత కవి ఆల్కయస్ ఒక ఇంటిని వర్ణిస్తాడు. ఆ ఇంటి కప్పు నిండా మెరిసే శిరస్త్రాణాలు, వాటినుంచి తెల్లటి తురాయిలు కిందికి ఊగుతున్నాయి. ఇంట్లో వేలాడుతున్నప్పుడు కూడా అది అలంకారమే.

తురాయిలు తయారుచేసే వృత్తి వేరేగా ఉండేదని మనకు హాస్యనాటక కవి అరిస్టోఫనీస్ వల్ల తెలుస్తుంది. క్రీ.పూ. 421లో ఆయన ‘శాంతి’ అనే నాటకం వేశాడు. ఏథెన్స్, స్పార్టా పదేళ్లుగా కొట్టుకుని అలసిపోయి సంధికి వస్తున్న రోజులవి. నాటకం చివర్లో శాంతి వచ్చేసరికి ఆయుధాల వ్యాపారులు లబోదిబోమంటూ వస్తారు. తురాయిలవాడు రెండు తురాయిలు తెచ్చి అమ్మజూపుతాడు. బల్ల తుడుచుకోవడానికి పనికొస్తాయి, ఎండు అంజూరపళ్లు ఇస్తా అంటాడు కథానాయకుడు. అంతలోనే, వెంట్రుకలు రాలుతున్నాయి తీసుకుపొమ్మంటాడు. శిరస్త్రాణాలవాడికి ఇంకో సలహా: ఈజిప్టువాళ్లకు అమ్ముకో, విరేచనాల మందు కొలుచుకుంటారు. ఆ ప్రేక్షకుల్లో కొడుకుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, రేపు మళ్లీ అదే కంచు తలకెత్తుకోవాల్సినవాళ్లూ ఉన్నారు. వాళ్లంతా కలిసి నవ్వుకున్నారంటే ఆ నవ్వు ఎంత లోతునుంచి వచ్చిందో.

ఇంకో ముచ్చట. ‘కొరింథు శిరస్త్రాణం’ అన్న మాట మనకు చరిత్రకారుడు హెరొడోటస్ దగ్గర దొరుకుతుంది, అదీ యుద్ధం సందర్భంలో కాదు. లిబియా తీరంలో ఒక సరస్సు దగ్గర ఉండే జనం ఏటా దేవత పండగ చేస్తారట. అందులో అందమైన అమ్మాయిని ఎంచి, ఆమెకు కొరింథు శిరస్త్రాణం, గ్రీకు ఆయుధాలు అలంకరించి, రథమెక్కించి సరస్సు చుట్టూ ఊరేగిస్తారు. ఇంత కరుకైన మగ వస్తువు మొదటిసారి పేరుతో మన ముందుకు వచ్చేది ఒక ఆడపిల్ల తల మీద, దేవత ఊరేగింపులో.

అక్కణ్ణుంచి గ్రీకుల యుద్ధదేవత ఎథీనా దగ్గరికి వెళ్దాం. కొరింథు నాణేలు చూడండి. ఒక వైపు రెక్కల గుర్రం పెగసస్, రెండో వైపు ఎథీనా తల. ఆమెకు కొరింథియన్ శిరస్త్రాణమే ఉంది, కానీ ముఖం మీద లేదు. వెనక్కి, నెత్తి మీదికి తోసి ఉంది. ఆ కంచు కళ్లు ఆకాశం వైపు చూస్తున్నాయి, వాటి కింద ఆమె సొంత కళ్లు మన వైపు. యుద్ధం లేనప్పుడు సైనికులు నిజంగానే అలా తోసుకునేవారు, గాలి ఆడాలి కదా. శిల్పులు ఆ చిన్న అలవాటును పట్టుకున్నారు. శిరస్త్రాణం ఉంది, అవసరమైతే కిందికి దిగుతుంది, ఇప్పుడు మాత్రం ముఖం చూడండి అని చెప్పే భంగిమ అది. ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడిలో శిల్పి ఫిడియస్ చేసిన బంగారు, దంతపు ఎథీనా తల మీద మాత్రం ముఖం తెరిచి ఉండే రకం. దాని నడుమ స్ఫింక్స్ (మనిషి తల, సింహం ఒళ్లు), రెండు పక్కలా గ్రిఫిన్లు (గద్ద తల, సింహం ఒళ్లు) ఉన్నాయని యాత్రికుడు పౌసేనియస్ చూసి రాశాడు.

మనుషుల్లో ఈ భంగిమకు పేరుపొందినవాడు ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్. ఆయన శిల్పాల్లో ఎప్పుడూ శిరస్త్రాణం నెత్తి మీదికి తోసే ఉంటుంది. దీనికి ప్లూటార్క్ ఇచ్చిన కారణం, ఆయన తల మరీ పొడుగు, శిల్పులు దాన్ని కప్పిపెట్టారు అని. హాస్యనాటక కవులు ఆయన్ని ఉల్లిగడ్డలాంటి ఒక దుంప పేరుతో పిలిచి ఏడిపించేవారు. ఇప్పటి పండితులు ఎక్కువమంది, అది సేనాని పదవికి గుర్తు అంటారు. నేనూ అటే మొగ్గుతాను. తల దాచాలంటే శిల్పికి వేరే దారులున్నాయి.

తర్వాత ఇటలీ దక్షిణ తీరంలో ఒక వింత జరిగింది. అక్కడివాళ్లు శిరస్త్రాణాన్ని ఎప్పుడూ నెత్తి మీదే పెట్టుకునే పద్ధతికి వచ్చారు. కిందికి లాగే పనే లేదు. అయినా కంచరులు కళ్లు, ముక్కు చేయడం మానలేదు. ముందు కంటి కన్నాలు చిన్నవయ్యాయి, దగ్గరికి జరిగాయి. తర్వాత కన్నాలే పోయి, చెక్కిన గీతలు మాత్రం మిగిలాయి. చెంపల మీద అడవిపందుల బొమ్మలు వచ్చాయి. ఎవరూ చూడని కళ్లు. అయినా అవి లేకపోతే అది శిరస్త్రాణంలా అనిపించదు వాళ్లకు. ఒక రూపం తన పని పోయాక కూడా ఎంత మొండిగా బతుకుతుందో చూపించమంటే నేను వీటినే చూపిస్తాను.

మిగతా రకాలు త్వరగా చెప్పేస్తాను. చెవుల దగ్గర కంచు కోసి వినికిడి వదిలినది చాల్సిడియన్. అంతా వదిలేసి ఉత్త శంకువు టోపీలా మిగిలినది పిలోస్. క్రీ.పూ. 425లో స్ఫాక్టీరియా ద్వీపంలో స్పార్టా సైనికులకు ఉన్నవి పిలోసులే. అవి బాణాలను ఆపలేకపోయాయని థుసిడిడీస్ రాశాడు. అవి ఉన్ని టోపీలా, కంచువా అన్నదాని మీద పండితుల వాదన ఉంది. చెవులు తెరిచి ఉన్నా శత్రువుల అరుపుల్లో ఆజ్ఞలు వినిపించలేదట, పాపం.

ఇల్లిరియన్ అనే రకం దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగుతాను. దీనికి ముక్కు పట్టీ ఉండదు, ముఖం చతురస్రంగా తెరిచి ఉంటుంది, నెత్తి మీద తురాయి కోసం రెండు గట్లు. థెస్సలొనికీ దగ్గర సిండోస్ అనే చోట 1980 నుంచి 1982 వరకు ఒక శ్మశానం తవ్వారు. అందులో ఒక యోధుడికి ఈ శిరస్త్రాణం పెట్టే పూడ్చారు, క్రీ.పూ. 520 ప్రాంతంలో. దాని తెరిచిన ముఖభాగంలో పల్చటి బంగారు రేకు ముసుగు ఉంది. కళ్లు, ముక్కు, నోరు అన్నీ తీర్చి ఉన్నాయి. బతికి ఉండగా అందరికీ కనిపించిన ముఖాన్ని, పోయాక బంగారంతో మూశారు. ఎందుకలా చేశారో చెప్పే రాత ఏదీ అక్కడ లేదు. ఆ ముసుగు ముందు నిలబడితే రాత అక్కర్లేదేమో అనిపిస్తుంది.

ఇన్ని శిరస్త్రాణాలు మనదాకా ఎలా వచ్చాయి? సమాధుల వల్ల కొన్ని. ఎక్కువ భాగం ఒలింపియా వల్ల. మనకు ఒలింపియా అంటే పరుగుపందేలు గుర్తొస్తాయి. ఆ మైదానం గట్ల మీద శత్రువుల దగ్గర గెలుచుకున్న ఆయుధాలు గుంజలకు తగిలించి ఉండేవి. కొత్తవి వచ్చినప్పుడు పాతవాటిని బావుల్లో పడేసేవారు, గట్టు మట్టిలో కలిపేసేవారు. 1875 నుంచి జర్మన్లు తవ్వుతూ ఉంటే అవన్నీ బయటపడ్డాయి. చాలావాటి చెంపలు బయటికి వంచేసి ఉన్నాయి. దేవుడికి ఇచ్చింది మళ్లీ ఏ తలకూ ఎక్కకూడదని.

వాటి మీద రాతలున్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక కొరింథియన్ మీద ఆర్గోస్ వాళ్లు ఇలా చెక్కారు: కొరింథు వారి దగ్గర తీసుకున్నది, జ్యూస్‌కు సమర్పించాం. అంటే అన్నదమ్ముల్లాంటి గ్రీకు ఊళ్ల మధ్య పోరు. అక్కడే సిసిలీలోని సిరక్యూస్ రాజు హియెరోన్ పంపిన ఇంకొకటి ఉంది. క్రీ.పూ. 474లో ఇటలీలోని క్యూమే దగ్గర సముద్రం మీద ఎట్రుస్కన్లు అనే అక్కడి జనాన్ని ఓడించి తెచ్చినది, కాబట్టి ఆకారం వాళ్లది. ఒలింపియాలో 1817లో దొరికింది.

ఒలింపియా మ్యూజియంలో రెండు దగ్గర దగ్గరగా చూడాల్సినవి. ఒకటి మొనదేలిన తూర్పుదేశపు శిరస్త్రాణం. ‘మాదుల దగ్గర తీసుకుని ఏథెన్స్ వారు జ్యూస్‌కు’ అని దాని అంచున ఉంది. గ్రీకులు పర్షియన్లను మాదులనే అనేవారు. రెండోది కొరింథియన్, బాగా దెబ్బతిన్నది. చెంప అంచు వెంబడి ‘మిల్టియడీస్ సమర్పించాడు’ అని ఉంది. క్రీ.పూ. 490లో మరాథాన్‌లో పర్షియన్ల మీద గెలిపించిన సేనాని పేరది. యుద్ధం పేరు అందులో లేదు, కానీ ఆ రోజు పెట్టుకున్నది ఇదే అని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచింది ఆ రాత ఉన్న చోటు గురించి. సరిగ్గా దవడ దగ్గర. నూటికి నూరుమందికీ ఒకే ముఖం ఇచ్చిన వస్తువు మీద, దేవుడి ముందు పెట్టేటప్పుడు మాత్రం ఒక మనిషి తన పేరు రాసుకున్నాడు.

చివరిగా మన వైపు వచ్చిన ఒక శిరస్త్రాణం. బియోషియన్ అంటారు దీన్ని. అంచు గొడుగులా కిందికి వంగి, ముఖం పూర్తిగా తెరిచి ఉంటుంది. అన్ని వైపులా కనిపిస్తుంది కాబట్టి గుర్రపు రౌతుకు ఇదే మంచిదని గ్రీకు సేనాని, రచయిత జెనొఫోన్ సలహా ఇచ్చాడు. అలెగ్జాండర్ రౌతులు ఇది పెట్టుకునే తూర్పుకు వచ్చారు. తర్వాత రెండు శతాబ్దాలు గడవకముందే బాక్ట్రియా (ఇప్పటి అఫ్గానిస్తాన్ వైపు), గాంధారం ఏలిన యూక్రటిడీస్ అనే రాజు తన నాణేల మీద ఇదే శిరస్త్రాణంతో కనిపిస్తాడు. ఆయన వేయించిన ఒక బంగారు నాణెం పారిస్‌లో ఉంది. 169 గ్రాముల పైన బరువు, ప్రాచీన కాలపు బంగారు నాణేల్లో మనకు మిగిలిన అతి పెద్దది. శిరస్త్రాణం పక్కన ఎద్దు కొమ్ము, ఎద్దు చెవి చెక్కి ఉన్నాయి. తురాయి ఉంది, కంచు అంచు ఉంది. ఆయన రాగి నాణేల మీద ఒక వైపు గ్రీకు అక్షరాలు, రెండో వైపు ఖరోష్ఠి లిపిలో ‘మహరజస’ అని ప్రాకృతం. పెషావర్ బజార్లలో మనవాళ్లు కూరగాయలు కొనడానికి చేతులు మార్చుకున్న నాణేలవి. వాటి మీద ముక్కు పట్టీ లేదు, చెంపలు లేవు. పెద్ద ముక్కు, బలమైన గడ్డం, కొంచెం అలసినట్టున్న కళ్లు. శిరస్త్రాణం కింద ఆ రాజు ముఖం మొత్తం కనిపిస్తుంది.

ఈ బొమ్మ తెర మీద ఇలాగే ఉంచుతాను. ప్రశ్నలుంటే అడగండి.